బావమరిది డిప్పకు మాటు

పళ్ళమేస్త్రి ఇంట్లో ఉండేది ముగ్గురు. మేస్త్రి, ఆయన భార్య, ఒక బావమరిది. బావమరిదికి నాలుగు కాళ్ళు, పొట్టి తోక, వీపు మీద డిప్ప.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ పుట్టింటి నుంచి పెట్టేబేడాతో పాటు ఒక బకెట్ కూడా పట్టుకుని దిగింది. అందులో ఏముందా అని మేస్త్రి తొంగిచూస్తే, ఒక తాబేలు మెడ సాచి ఆయన్ని ఎగాదిగా చూసి, నచ్చనట్టు మెడ లోపలికి లాక్కుంది.

"మా అన్నయ్యలు కూడా మిమ్మల్ని ఇలా చూళ్ళేదు" అంది ఆవిడ నవ్వాపుకుంటూ.

"అయితే నా అసలు బావమరిది వీడేనన్నమాట" అన్నాడు మేస్త్రి. ఆ పేరే ఖాయమైపోయింది.

ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాన వెలిసిన రోడ్డు మీద అడ్డంగా పోతూ ఆ తాబేలు దొరికిందట. అప్పుడు కోటు గుండీ అంత. ఇప్పుడు కంచమంత. మేస్త్రి కూతురు పుట్టి, పెరిగి, చదువుకుని, వేరే ఊళ్ళో ఉద్యోగానికి పోయినా, ఫోన్ చేసిందంటే తండ్రి బాగోగులకన్నా ముందు "మావయ్య తిన్నాడా?" అనే అడుగుతుంది. మేస్త్రికి లోపల కాస్త ఉడుకుమోత్తనం ఉన్నా, తాబేలుతో వంతుకు పోతున్నాడని ఎక్కడ అంటారోనని బయటపడేవాడు కాదు.

ఆయన చేసేది కట్టుడుపళ్ళు. చుట్టుపక్కల పళ్ళ డాక్టర్లంతా ఆయనకే పంపుతారు. నోటి అచ్చు తీసి, దాన్ని ప్లాస్టర్‌లో పోసి, అట్టపెట్టెలో పెట్టి పంపిస్తే, మేస్త్రి ముందుగదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, పొడీ లిక్విడ్డూ కలిపి పోసి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి తిప్పి పంపుతాడు. ఎదుటివాడు పకపకా నవ్వుతుంటే అవి వాడి పళ్ళా, మేస్త్రి పళ్ళా అని ఎవరూ తేల్చుకోలేకపోవాలి. అదీ ఆయన పంతం. అందుకోసం ముందు పన్ను ఒకటి కావాలనే రవ్వంత వంకరగా పెడతాడు. "ఈ వయసులో వరస తప్పని పళ్ళుంటే ఎవడు నమ్ముతాడండీ! కాస్త వంకర ఉంటేనే నోరు నోరులా ఉంటుంది" అంటాడు.

అయితే ఒక్క సంగతుంది. ఇన్నేళ్ళ పనిలో ఆయన ఒక్క మనిషి నోట్లోకి కూడా తొంగిచూసి ఎరగడు. నోళ్ళు డాక్టర్లు చూస్తారు. చీము, నెత్తురు, పుచ్చు, కంపు అన్నీ అక్కడే ఆగిపోతాయి. మేస్త్రి బల్ల మీదికి వచ్చేది తెల్లటి, చల్లటి, పొడి నోరు. గీస్తే పొడి రాలుతుంది. నొప్పి అనదు.

ఎండ పలచబడి చలి తిరిగే రోజుల్లో ఒక పొద్దున, పెరట్లో తాబేలు తొట్టి కడుగుతూ ఆవిడ కేకేసింది.

"ఏమండీ, ఇటోసారి రండి. వీడి వీపు మీద సుద్దముక్కతో చుక్క పెట్టినట్టుంది. ఎంత రుద్దినా పోవడం లేదు."

మేస్త్రి వచ్చి, నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న కళ్ళజోడు కిందికి దించి చూశాడు. డిప్ప మీద పలకలు పలకలుగా ఉంటుంది కదా, ఆ నడిమి పలక మీద బఠాణీ గింజంత తెల్లమచ్చ. గోటితో నొక్కితే పొడి రాలింది. లోపల చిన్న గుంట. మేస్త్రి మొహం విప్పారింది.

"ఓస్, ఇంతేనా! పుచ్చు. అచ్చం పుచ్చిపన్నులాగే ఉంది."

"పశువుల డాక్టరమ్మకు చూపిద్దామా?"

"ఆవిడకేం తెలుసే? ఆవులకు సూదులు, కుక్కలకు కట్లు. గట్టి సరుకు సంగతి మన బల్ల మీదే తేలాలి. నాకొదిలెయ్. ఎక్కడ మాటేశానో నువ్వే కనుక్కోలేవు."

ఆవిడ నమ్మింది. నమ్మకపోవడానికేముంది! కప్పు పిడి ఊడినా, కళ్ళజోడు కాడ విరిగినా, ఆయన చేతిలో పెడితే అతుకు ఆనవాలు లేకుండా తిరిగొచ్చేది. కాపురం మొదలైన నాటినుంచి ఆ ఇంట్లో పగిలిన వస్తువంటూ ఏదీ బయటికి పోలేదు.

మేస్త్రి బావమరిదిని తువ్వాలులో చుట్టి బల్లెక్కించాడు. తెల్లటి పొడి రాలినంత మేరా, పళ్ళు అరగదీసే మోటారుతో గీకి, ఉఫ్‌మని ఊది, ఆరబెట్టాడు. చిగుళ్ళ గులాబీ రంగు ఇక్కడ పనికిరాదు గనక కూర్చుని కొత్త రంగు కలిపాడు. కాస్త గోధుమ, దాంట్లో పాచి, అంచుల్లో నలుపు. గుంటలో నింపి, అది గట్టిపడుతుండగా డిప్ప మీద ఏటేటా పడ్డ సన్నటి గీతలు ఉంటాయే, వాటిని సూదిమొనతో ఒక్కొక్కటీ ఇటునుంచి అటు కలిపేశాడు. మెరుగు మరీ ఎక్కువైతే అబద్ధంలా ఉంటుందని చివర్లో కాస్త గరుకు కూడా చేశాడు. ఇంత జరుగుతున్నా బావమరిది తల బయట పెట్టలేదు, అలిగిన అల్లుడిలాగ.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళకు తాబేలు దర్శనం. "మాటు ఎక్కడుందో చెప్పండి చూద్దాం." ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. అందరికన్నా పెద్ద పళ్ళ డాక్టరు ఒక సాయంత్రం అట్టపెట్టె ఇవ్వడానికి వచ్చి, డిప్పంతా వేలితో తడిమి తడిమి ఓడిపోయాడు.

"ఇది చెయ్యి కాదయ్యా మేస్త్రీ, మాయ" అన్నాడు. అని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "అడుగంతా శుభ్రంగా తీశావు కదా? మేమైతే మెత్తటిది పిసరంత కూడా మిగల్చం" అన్నాడు.

"తీశానండీ."

అది అబద్ధమేం కాదు. పొడి రాలినంత వరకూ తీశాడు. ప్లాస్టర్‌కైతే అది చాలు.

చలి ముదిరేసరికి బావమరిది తీరు మారింది. ఎండపొడ పడితే చాలు తొట్టిలో ఇటుక మీదికెక్కి కాళ్ళు బారజాపుకునేవాడు, ఇప్పుడు ఎక్కడం మానేశాడు. వానపాము వేసినా అది పక్కనుంచి పాక్కుంటూ పోతుంటే చూస్తూ కూర్చునేవాడు. ఫోన్లో కూతురు "మావయ్య తిన్నాడా?" అంటే ఆవిడ "ఆ, తింటున్నాడు" అనేసి మాట మార్చేది.

ఒకరోజు ఆవిడ తొట్టి దగ్గర్నుంచి సరాసరి ముందుగదిలోకొచ్చి మేస్త్రి ఎదురుగా నిలబడింది.

"నీళ్ళు కంపు కొడుతున్నాయి."

"నాకేం రావడం లేదే."

"మీకెలా వస్తుంది? ఆ లిక్విడ్ పీల్చి పీల్చి మీ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా పక్కన కూర్చుని పాట పాడుకునే మనిషి."

"నీళ్ళు పొద్దున్నే మార్చావుగా?"

"అందుకే చెబుతున్నా. కంపు నీళ్ళది కాదు. వాడిది. మీరు మాటేసిన చోటునుంచి వస్తోంది."

మేస్త్రి చేతిలో ఉన్న మైనపు చిగురు బల్ల మీద పెట్టాడు. "చలికాలంలో తాబేళ్ళు అలాగే ముడుచుకుంటాయే. ఎండలొస్తే..."

"వాడికి చలి ఎలా చేస్తుందో మీరు నాకు చెప్పకండి. మీరు నాకు తెలియక ముందునుంచీ వాడు నాకు తెలుసు. ఆ మాటు తీసెయ్యండి."

"తీసెయ్యడమేమిటి? నేను చేసిన పనులన్నిట్లోకీ అది..."

అంత వరకూ వచ్చి ఆగిపోయాడు. ఆవిడ ఆగలేదు.

"ఊఁ, పూర్తిచెయ్యండి ఆ మాట. అది గొప్ప పని. అవునా? వాడేమైపోయినా పని మాత్రం చెడకూడదు."

మేస్త్రి మళ్ళీ మైనపు చిగురు చేతిలోకి తీసుకున్నాడు, దాన్నేం చేయాలో తెలియకుండానే. కాసేపటికి పెరటి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఆవిడ బట్టలుతికే ప్లాస్టిక్ తొట్టిని పొట్టకు ఆనించుకుని వీధి మలుపు తిరుగుతోంది. తొట్టి మీద తువ్వాలు కప్పి ఉంది. పిలుద్దామనుకున్నాడు. ఏమని పిలవాలో తోచలేదు.

ఆవిడ తిరిగొచ్చేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది. తొట్టి కింద పెట్టి, చంకలో ఉన్న పెద్ద కవరు ఆయన బల్ల మీద పడేసింది.

"చూడండి. మీరు చూడగలిగిందే."

కవర్లో ఎక్స్‌రే ఉంది. మేస్త్రి దాన్ని బల్లదీపం ముందు ఎత్తి పట్టుకున్నాడు. పళ్ళ డాక్టర్లు దవడల ఎక్స్‌రేలు అప్పుడప్పుడు పంపుతుంటారు గనక ఎముక తెల్లగా కనబడుతుందని, ఎముక లేనిచోట నల్లగా ఉంటుందని ఆయనకు తెలుసు. డిప్ప గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో పడింది. నడుమ ఆయన పెట్టిన మాటు చక్కటి అంచుతో, బఠాణీ గింజంత, మచ్చలేకుండా ఉంది. దాని కింద నలుపు. మాటు చుట్టూ నలుపు. అది మాటు దగ్గర ఆగలేదు. పక్క పలక కిందికి, ఆ పక్క పలక కిందికి, గోడలో చెదలు పాకినట్టు పాకిపోయింది. పైన చూస్తే ఆ పలకలు రెండూ నిగనిగలాడుతూ ఉన్నాయి.

ఆయన దీపం ముందునుంచి చెయ్యి దించలేదు. చెయ్యి నొప్పెట్టే వరకూ అలాగే పట్టుకున్నాడు.

"డాక్టరమ్మ ఏమంది?" అన్నాడు చివరికి.

"ఫంగస్‌ట. బూజు జాతిదే. మన గోరు దేంతో తయారవుతుందో పైపలకలు కూడా దాంతోనేనట, ఇది దాన్ని తింటుందట. పైకి గింజంత కనబడుతుంది, అడుగున మేసుకుంటూ పోతుంది. ముక్క తీసి పరీక్షకు పంపిస్తే గానీ గట్టిగా చెప్పనంది. ముందు తెరవాలంది. చెడిందంతా తీసేసి, గాలి తగలనివ్వాలట."

"మాటెయ్యకపోతే?"

"అప్పుడూ మేసేదేనట. కానీ కనబడేది. మీరు దానికి తలుపేసి గడియపెట్టారు."

మేస్త్రి ఎక్స్‌రేను తిరిగి కవర్లో పెట్టాడు. ఆవిడ గొంతులో ఇప్పుడు కోపం లేదు. కోపమైతే ఆయనకు కాస్త నయంగా ఉండేది.

"రేపు మీరు రావాలి. మోటారు తీసుకుని. ఆ మాటు అంత గట్టిగా అతుక్కుందట, ఆవిడ దగ్గరున్నవాటితో పెరికితే బాగున్న ఎముక కూడా ఊడొస్తుందట. పెట్టినవాళ్ళే పొరలు పొరలుగా తీస్తే మంచిదంది."

"నావల్ల కాదే."

"ఎందుక్కాదు?"

"ప్రాణమున్న దాని మీద నేనెప్పుడూ మోటారు ఆనించలేదు."

"ఆనించారు" అంది ఆవిడ. "అప్పుడు మీకు తెలియలేదు, అంతే."

పశువుల డాక్టరమ్మ చిన్నపిల్ల. వాళ్ళ కూతురికన్నా ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. గదిలో ఒక ఉక్కుబల్ల, గోడకు తూకం యంత్రం, మూల గొలుసులూ మూతికట్లూ వేలాడుతున్నాయి. బయట వరండాలో ఎవరిదో కుక్క ఆగకుండా మొరుగుతోంది. తాబేలు కాలి సందులో మత్తుసూది ఇచ్చి ఆ పిల్ల గడియారం చూసుకుంది.

"కాస్త పడుతుంది బాబాయిగారూ. వీళ్ళకు మత్తు కూడా నెమ్మదిగానే ఎక్కుతుంది."

"మా బావమరిదికి దేనికీ తొందర లేదమ్మా" అన్నాడు మేస్త్రి. 

"బావమరిదా?" డాక్టరమ్మ తాబేలు తోక కొంచెం పక్కకు వంచి చూసింది. "ఇది ఆడది కదా! పిన్నిగారూ, మీకు తెలియదా?"

ఆవిడ నోరు తెరిచింది. మేస్త్రి భార్యవైపు చూశాడు, తాబేలువైపు చూశాడు.

"అయితే మరదలు" అన్నాడు.

"ఆహా, ఇప్పుడా సరసమొకటే తక్కువైంది" అంది ఆవిడ. కానీ నిన్నటినుంచీ బిగించుకున్న మొహం మొదటిసారి కాస్త సడలింది. "అమ్మాయికి చెప్పాలి. మావయ్య కాదు, పిన్ని అని."

తాబేలు మెడ పట్టు తప్పి తువ్వాలు మీద వాలింది. డాక్టరమ్మ మెడ పక్కన ఒక చిన్న పరికరం ఆనించగానే గదిలో చప్పుడు మొదలైంది. గుబ్... చాలాసేపు ఏమీ లేదు... గుబ్.

"గుండె" అంది ఆ పిల్ల. "ఇది వినబడుతున్నంతసేపూ భయపడకండి."

ముగ్గురికీ మూతికి గుడ్డలు, కళ్ళకు అద్దాలు పెట్టింది. మేస్త్రి మోటారు పిడికి సన్నటి చెక్కుడు మొన, అదే బర్, తగిలించుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని డిప్ప మీదికి వంగాడు. వంగి, అలాగే ఉండిపోయాడు. మాటు ఎక్కడుందో ఆయనకే వెంటనే కనబడలేదు.

"వేడి తగలకూడదు బాబాయిగారూ. ఆనించడం, తీయడం. ఈ డిప్ప ఇల్లనుకుంటారు అందరూ, ఇల్లు కాదు. వీపెముక, పక్కటెముకలు అన్నీ కలిసి అలా అయ్యాయి. మీరు చెక్కుతున్నది దాని పక్కటెముకల మీద."

మేస్త్రి తలూపాడు. మోటారు సన్నగా రొద పెట్టింది. ఆనించాడు, తీశాడు. గోధుమరంగు పొడి లేచింది. తను పొద్దంతా కూర్చుని కలిపిన రంగు, సూదిమొనతో కలిపిన గీతలు, ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. ఆయన చూపు వాటి మీద నిలవలేదు. చెవి మాత్రం బర్ చప్పుడు మీదే ఉంది. గట్టి సరుకు మీద రొద సన్నగా ఉంటుంది, మెత్తబడితే బొంగురుపోతుంది. కట్టుడుపళ్ళ పనిలో చెవికి తెలిసినంత కంటికి తెలియదు. గుబ్, అంది పక్కనుంచి. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే ఆ చప్పుడు కోసం ఆగి, విని, మళ్ళీ ఆనించడం మొదలుపెట్టింది.

రొద బొంగురుపోయింది. మాటు చివరి పొర చిట్లి ముక్కగా లేచి వచ్చింది.

డాక్టరమ్మ తల వెనక్కి తీసుకుంది. మేస్త్రి భార్య మూతిగుడ్డ మీద నుంచి కూడా ముక్కు మూసుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. మేస్త్రికి ఏమీ తెలియలేదు. వాళ్ళిద్దరి మొహాలూ చూసి తెలుసుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు కలిగిన సిగ్గు ఎటువంటిదంటే, నలుగురిలో తన ఒంటి మీద బట్టలేదని తనొక్కడికే తెలియనివాడికి ఎవరో చెప్పినట్టు.

గుంటలో ఉన్నది తడిసిన సుద్దలాగ, జున్నులాగ ఉంది. డాక్టరమ్మ చెంచాలాంటి పరికరంతో కొంచెం తీసి సీసాలో వేసుకుంది, పరీక్షకు. తర్వాత నిగనిగలాడుతున్న పక్క పలక మీద పెన్నుతో గీత గీసింది.

"ఇక్కడిదాకా తెరవాలి."

"ఇదంతా బాగానే ఉందిగదమ్మా?"

"పైకి" అంది ఆ పిల్ల.

మేస్త్రి గీత మీద బర్ ఆనించాడు. పలక పగిలిన గోరులాగ విడిపోయింది. కింద మళ్ళీ అదే సుద్ద. ఆ తర్వాత ఆయన ఆ పిల్ల చూపించినంత మేరా తెరుస్తూ పోయాడు. ఆవిడ కిటికీవైపే తిరిగి ఉంది. బయట కుక్క మొరగడం ఎప్పుడు ఆపిందో ఎవరూ గమనించలేదు.

ఒకచోట సుద్ద తీసేసరికి అడుగున ఎర్రటి చుక్క పుట్టింది. ఆయన గబుక్కున చెయ్యి లాగేసుకున్నాడు. "అయ్యో, నెత్తురు!"

"నెత్తురు రావాలి బాబాయిగారూ" అంది డాక్టరమ్మ. "వచ్చిందంటే అది బతికున్న ఎముక. అక్కడ ఆగండి. రానిచోటే ఇంకా తీయాలి."

అది ఆయనకు కొత్త లెక్క. నెత్తురు కోసం వెతుక్కుంటూ పోయాడు. ఇక్కడొక చుక్క, ఆగాడు. అక్కడొకటి, ఆగాడు. నడిమధ్యలో, తను మాటు పెట్టిన చోటికి సరిగ్గా కింద, ఎంత సుద్ద తీసినా చుక్క రాలేదు. ఇంకొంచెం తీయబోతే బర్ చప్పుడే మారిపోయింది. కింద ఏమీ లేనట్టు. 

"తీసెయ్యండి చెయ్యి. అక్కడ ఎముక మొత్తం పోయింది. అది లోపలి పొర. దాన్ని ముట్టుకోకూడదు." ఆ పిల్ల గొంతు మొదటిసారి గట్టిగా పలికింది. మోటారు ఆగాక గది నిశ్శబ్దమైంది. చాలాసేపటికి, గుబ్.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. మూత పెట్టకూడదు. పొడి పెట్టెలో, వెచ్చటి దీపం కింద ఉంచాలి. తాగడానికీ తినడానికీ రోజూ కాసేపే నీళ్ళు, తర్వాత ఆరబెట్టి మందు పూయాలి. నెలల తరబడి. ఆ గుంట పూడినా పూర్వంలాగ అవ్వదు. "బతుకుతుందని నేను మాటివ్వలేను పిన్నిగారూ. నిన్న తెచ్చినప్పుడైతే అసలు ఏమీ అనలేని స్థితి."

అట్టపెట్టెలు పేర్చుకునే మూల ఖాళీ అయింది. మేస్త్రి బల్లదీపం అక్కడికి మారింది. మేస్త్రి పెట్టె ముందు చతికిలబడి, దూదిపుల్లతో గుంట అంచులు తుడిచి, మందు పూసి, పళ్ళు పేర్చే చిన్న పటకారుతో వానపామును మూతి ముందు ఆడించేవాడు. అది చూసేది కాదు. మర్నాడు మళ్ళీ ఆడించేవాడు. పరీక్ష ఫలితం వచ్చింది, ఫంగసేనని డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పింది, మందు మార్చింది. పెద్ద పళ్ళ డాక్టరు పని ఆలస్యమవుతోందని మనిషిని పంపితే "ఇంట్లో జబ్బు" అని చెప్పించాడు. ఎవరికి అని వాళ్ళూ అడగలేదు, ఈయనా చెప్పలేదు.

ఆవిడ మాత్రం ఆ మూలకు వచ్చేది కాదు. నీళ్ళు కాచి ఇచ్చేది, తువ్వాళ్ళు ఉతికి ఎండేసేది, గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది?" అనేది. కళ్ళు మాత్రం గోడ మీద. మాటు తీసెయ్యమని పోరిన మనిషి, తీశాక చూడలేకపోయింది. మొదటిరోజు ఒక్కసారి చూసి, వంటగదిలోకి పోయి గిన్నెలన్నీ రెండోసారి కడిగింది. మేస్త్రి రమ్మనలేదు. తనకు రమ్మనే హక్కుందో లేదో కూడా ఆయనకు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన పటకారు ఆడిస్తూ పరధ్యానంలో పడ్డాడు. తటాలున తాబేలు మెడ సాచి వానపామును వదిలేసి ఆయన వేలు పట్టుకుంది.

"అబ్బా! చచ్చాన్రా నాయనా! వదలవే... వదలవే మరదలా!"

వంటగదిలోంచి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని మేస్త్రి పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. తాబేలు కింద పడ్డ వానపామును నమిలి మింగుతోంది.

"కరిచిందా?"

"కరవడమేమిటి, కండ పీకింది! ఇన్నాళ్ళ కసి తీర్చుకుంది."

ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఫోన్లో "పిన్ని తింది" అని ఆవిడే ముందు చెప్పింది.

అది తినడం మొదలుపెట్టాక ఆవిడ మనసులోని మాట బయటికొచ్చింది. మేస్త్రి చాలా రోజుల తర్వాత బల్ల దగ్గర కూర్చుని పై వరస పళ్ళు పేరుస్తున్నాడు. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోకుండా నిలబడింది.

"ఒకటడుగుతాను. దానికేదైనా మూతలాంటిది చెయ్యకూడదూ? అతికించేది కాదు, తీసిపెట్టుకునేదే. మందు పూసేటప్పుడు తీసి, మళ్ళీ పెట్టెయ్యొచ్చు. మీరు చేసే పళ్ళలాగే. గుండెలో దిగబడినట్టుంటోంది అటు చూస్తే. మీకు చేతకానిదా?"

మేస్త్రి చేతిలోని పన్ను కింద పెట్టాడు. చేతకాకపోవడమేమిటి! అటువంటి మూత ఎలా ఉంటుందో, దాని అంచు ఎక్కడ ఆగుతుందో ఆయన మనసులో ఎప్పుడో చెక్కేసుకున్నాడు. గుంట తుడిచే ప్రతిసారీ వేళ్ళు వాటంతటవే ఆ కొలత తీసుకునేవి.

"చేయగలను" అన్నాడు. "ఎంత బాగా చేస్తానంటే, నాలుగు రోజులు పోయాక అది మూతన్న సంగతి మనమే మర్చిపోతాం. ఇవాళ కాకపోతే రేపు తీద్దాంలే అనుకుంటాం. నేను నన్నెరుగుదును. వద్దు."

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది.

"ఇటు రా" అన్నాడు ఆయన.

"నావల్ల కాదు."

"నావల్ల కాదన్నానుగా నేనూ. రా."

ఆయన వెళ్ళి పెట్టె ముందు కూర్చుని దీపం కాస్త కిందికి వంచాడు. ఆవిడ కాసేపు గుమ్మంలోనే ఉండి, తర్వాత వచ్చి ఆయన పక్కన చతికిలబడింది. ముందు తాబేలు మొహం చూసింది. అది కళ్ళు అరమూసుకుని వెచ్చగా ఉంది. మెడ చూసింది. కాళ్ళు చూసింది. ఇంక చూడ్డానికి మిగిలింది అదొక్కటే కాబట్టి, అదీ చూసింది.

తను అనుకున్నంత ఎర్రగా లేదు. అరచేతిలో సగమంత గుంట, పొడిగా, అంచుల్లో మైనం పూసినట్టు పలచటి పసుపు పొర. ఊడిన గోరు కింద కొత్తగోరు వచ్చేటప్పుడు ఉండేటటువంటిది. నడిమధ్య మాత్రం ఎముక లేని చోట సన్నటి పొర ఒకటి, బూడిదరంగులో మెరుస్తోంది. ఆవిడ కళ్ళు అక్కడే ఆగాయి.

"ఏమండీ, అది కదులుతోంది."

"ఊఁ."

"ఏమిటది?"

"ఊపిరి."

పొర నెమ్మదిగా పైకి ఉబ్బింది. ఆగింది. అంత నెమ్మదిగానూ కిందికి దిగింది. చిన్నప్పటినుంచీ తన చేతుల్లో పెరిగిన తాబేలు. దాని అలక తెలుసు, ఆకలి తెలుసు, చలికి ఏ మూల దూరుతుందో తెలుసు. ఊపిరి పీల్చుకోవడం ఎప్పుడూ చూళ్ళేదు. డిప్ప కింద అదంతా ఎప్పుడూ జరుగుతూనే ఉందన్న ఆలోచనే ఆవిడకు రాలేదు. చూస్తూ చూస్తూ తను ఊపిరి బిగబట్టిందని కాసేపటికి గానీ తెలియలేదు. వదిలింది.

"బతుకుతుందంటారా?"

"ఏమో" అన్నాడు మేస్త్రి. "డాక్టరమ్మ కూడా ఏమో అనే అంది. ఆ బూజు మళ్ళీ రావచ్చట. వస్తే మాత్రం మనకు కనబడుతుంది."

పొర మళ్ళీ పైకి లేచింది. ఇద్దరూ అది దిగే వరకూ చూశారు. మేస్త్రి మందు డబ్బా మూత తీసి, దూదిపుల్ల అందులో ముంచి, అంచు వైపు వంగబోయాడు.

"ఉండండి" అంది ఆవిడ. చేతులు ఒళ్ళో తుడుచుకుని, అరచెయ్యి చాపింది. "అదిలా ఇవ్వండి. ఎంత గట్టిగా ఒత్తాలో చెప్పండి."